లేని మనిషికి ఒక దండకం

కాప్లాన్, నీ పేరు మీద హోటల్లో గది ఉంది. గదిలో కొక్కేలకు సూట్లు వేలాడుతున్నాయి. తల దువ్వుకునే బ్రష్షు ఉంది, దానికి చుండ్రు కూడా అంటుకుని ఉంది. ఇస్త్రీకి వేసిన బట్టలు వేళకు తిరిగొస్తాయి, బిల్లులు వేళకు కడతారు, గది ఊడ్చే ఆమె ఊడ్చి వెళుతుంది. ఆమె నిన్ను చూడలేదు. బట్టలు తెచ్చే కుర్రాడూ చూడలేదు. న్యూయార్క్‌లో నీ గది ఖాళీ అయితే చికాగోలో నీ గది సిద్ధమవుతుంది, అక్కడి నుంచి నీ పెట్టె రాపిడ్ సిటీకి పోతుంది. పెట్టె వెనక నడిచే కాళ్లు మాత్రం లేవు. జార్జ్ కాప్లాన్, పుట్టకుండానే పేరు తెచ్చుకున్నవాడా, నీకు దండం.

నిన్ను వెతుక్కుంటూ సాగిన సినిమాకు పెట్టిన పేరు కూడా నీలాంటిదే. ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ అనే దిక్కు ఏ నావికుడి దిక్సూచిలోనూ లేదు. లేని మనిషి కోసం లేని దిక్కుకు పరుగు. 1959లో ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ తీశాడు, ఎర్నెస్ట్ లేమన్ రాశాడు, కేరీ గ్రాంట్ పరుగెత్తాడు. రెండు గంటల పదహారు నిమిషాల ఆ పరుగుకు కేసముద్రంలో కూర్చుని, మక్క కంకులు ఒలిచే చేతుల మధ్య, ఢిల్లీ నుంచి మద్రాసు పోయే పెద్ద లైను పక్కన, నేను ఈ నాలుగు మాటలు సమర్పించుకుంటున్నాను. రైలూ మక్క చేనూ మాకు రోజూ కనపడేవే. ఈ సినిమాకు గుండెకాయలు కూడా ఆ రెండే. అందుకే ఇది నాకు పరాయి దేశపు కథ అనిపించదు.

నిన్ను కన్నది వాషింగ్టన్‌లో ఒక బల్ల. బల్ల చుట్టూ కూర్చున్న నలుగురైదుగురు గూఢచారి శాఖ పెద్దలు కాగితం మీద నిన్ను సృష్టించారు. వాండమ్ అనేవాడు దేశ రహస్యాలు దాటిస్తున్నాడు. వాడి పక్కన వీళ్ల మనిషి ఒకరున్నారు. ఆ మనిషి మీద వాడికి అనుమానం రాకూడదు. అనుమానం ఎప్పుడూ ఎక్కడో ఒకచోట వాలాలి కదా, అది వాలడానికి ఒక కొమ్మ కావాలి. ఆ కొమ్మవు నువ్వు. వాండమ్ నిన్ను వెతుకుతున్నంత కాలం తన పక్కనున్న మనిషిని చూడడు. నీ పేరు చెప్పి ఇంకొకరి ప్రాణం నిలుస్తుంది. నువ్వు లేకపోవడమే నీ ఉద్యోగం, కాప్లాన్.

సినిమావాళ్లు గాలిలోంచి తీసిన ఊహ కాదిది. ఓటిస్ గెర్న్‌సీ అనే పత్రికా రచయిత రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒక ముచ్చట హిచ్‌కాక్ చెవిన వేశాడు: లేని గూఢచారిని ఉన్నట్టు పుట్టిస్తే శత్రువు వాడి వెంట పడ్డాడని. ఆ యుద్ధంలో ఇలాంటి పుట్టుకలు బోలెడు. స్పెయిన్ దేశస్థుడు ఖువాన్ పుయోల్ బ్రిటన్ తరఫున పనిచేస్తూ, జర్మన్ల కోసం 27 మంది ఉత్తుత్తి గూఢచారులను కల్పించాడు. వాళ్లకు పేర్లు పెట్టాడు, కోపతాపాలు పెట్టాడు, జీతాలు రాబట్టాడు. అందులో ఒకణ్ని చంపాల్సి వస్తే పేపర్లో చావు కబురు వేయించి, లేని భర్త పోయినందుకు లేని భార్యకు జర్మన్ల చేత పింఛను కట్టించారు. పుయోల్‌కు 1944లో జర్మనీ ఐరన్ క్రాస్ ఇచ్చింది, అదే ఏడాది బ్రిటన్ కూడా బిరుదిచ్చింది. ఆ వంశంలో పుట్టినవాడివి నువ్వు. నీ అన్నలు చరిత్రలో ఉన్నారు, నువ్వు వెండితెర మీద ఉన్నావు.

అయితే వాళ్లెవరికీ జరగనిది నీకు జరిగింది. నీలోకి ఒక మనిషి పడ్డాడు.

పేరు రోజర్ థార్న్‌హిల్. ప్రకటనలు రాయించే వ్యాపారం. బూడిద రంగు సూటు, మాటకారితనం, రెండు పెళ్లిళ్లు పెటాకులైన ఒంటరితనం, అమ్మ చాటు బిడ్డతనం. ప్లాజా హోటల్లో స్నేహితులతో కూర్చున్నాడు. అమ్మకు టెలిగ్రాం ఇవ్వాలని గుర్తొచ్చింది. అదే క్షణంలో హోటలు కుర్రాడు నీ పేరు పిలుచుకుంటూ వస్తున్నాడు. టెలిగ్రాం కోసం కుర్రాణ్ని పిలుద్దామని థార్న్‌హిల్ చెయ్యి ఎత్తాడు. గుమ్మం దగ్గర కాచుకున్న ఇద్దరు ఆ చెయ్యిని చూశారు. అంతే. పిలిచింది నిన్ను, ఎత్తింది అతను. కెమెరా ఒక్కసారి ఆ ఇద్దరి వైపు దూసుకుపోతుంది. అమ్మకు కబురు పంపబోయిన చెయ్యి అది, పాపం చేసిన చెయ్యి కాదు. నాకు ఆ చెయ్యిని చూసినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఈ లోకంలో ఎందరి బతుకులు ఇలా వేళ తప్పి ఎత్తిన చెయ్యి వల్ల తలకిందులయ్యాయో!

ఆ తర్వాత అతను ఏం చెప్పినా చెల్లలేదు. నేను కాప్లాన్‌ను కాదంటే, కాప్లాన్ కాబట్టే అలా అంటున్నాడన్నారు. నోట్లో మద్యం పోసి కొండ అంచున కారులో కూర్చోబెట్టారు. బతికి బయటపడితే పోలీసులు తాగుబోతన్నారు. కన్నతల్లి నవ్వింది. ఆ తల్లి వేషం కట్టిన జెస్సీ రాయిస్ లాండిస్ గ్రాంట్ కంటే ఎనిమిదేళ్లు కూడా పెద్దది కాదు. అయినా ఆ ఎగతాళి చూపులో ముప్పై నలభై ఏళ్ల అమ్మతనం పలికించింది. నిన్ను వెతుకుతూ అతను నీ గదికే వచ్చాడు. నీ సూటు తీసి ఒంటి మీద పెట్టుకుని చూశాడు. పొట్టిగా ఉంది. నువ్వు తనకంటే చిన్న మనిషివి అనుకున్నాడు. ఈలోగా గది ఊడ్చే ఆమె వచ్చి అతన్నే కాప్లాన్ గారూ అంది. గదిలో ఉన్నాడు కాబట్టి గది ఎవరిదో వాడే అతను. నీ కొలతలు సరిపోకపోయినా నీ పేరు మాత్రం అతని ఒంటికి అతుక్కుపోయింది.

మన కథల్లో మారువేషం కొత్త కాదు. దమయంతి స్వయంవరానికి నలుగురు దేవతలు నలుడి రూపంలో వచ్చి కూర్చున్నారు. రెప్ప వేయనివాళ్లను, చెమట పట్టనివాళ్లను, కాళ్లు నేలకు ఆననివాళ్లను ఏరేసి, నలిగిన పూలదండ వేసుకుని నేల మీద నిలబడ్డ మనిషిని ఆమె గుర్తుపట్టింది. పెద్దన గారి ప్రవరుడు వరూధినిని కాదని ఇంటికి వెళ్లిపోతే, గంధర్వుడు ఆ రూపం తొడుక్కుని మాయాప్రవరుడై వచ్చాడు. హిచ్‌కాక్ సినిమాకు రెండేళ్ల ముందు, 1957లో, మన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ అయ్యాడు. సావిత్రి ముఖంలోంచి రాక్షసుడు తొంగిచూసే ఆ నటన తెలుగువాళ్లకు ఎన్నటికీ తీరని మురిపెం. ఈ కథలన్నింటిలో ఒక రూపం ఉంటుంది, దాన్ని ఇంకొకరు తొడుక్కుంటారు. నీ దగ్గర అదీ లేదు. నామం ఉంది, రూపం లేదు. తొడుక్కోవడానికి ఏమీ లేనిదాన్ని ఒక మనిషికి బలవంతంగా తొడిగారు. మన పురాణాలు అన్నీ చూశాయి కానీ ఇది మాత్రం చూడలేదనుకుంటాను. దీనికి కార్యాలయాలు, ఫైళ్లు, హోటలు రిజిస్టర్లు పుట్టాలి. ఇది కాగితం యుగపు మాయ.

ఆ మాయ ఎలా ఉంటుందో మా నేలకు వేరే దారిలో తెలుసు. ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెలు మారుపేర్ల మధ్య పెరిగాయి. సాయుధ పోరాటం రోజుల్లోనూ, ఆ తర్వాత అడవి దారులు పట్టిన రోజుల్లోనూ, పోయినవాళ్లకు ఇంట్లో పెట్టిన పేరు పోయి దళంలో ఇంకో పేరు వచ్చేది. కన్నతల్లికి ఒక పేరు తెలుసు, గోడ మీది పోస్టరుకు ఇంకో పేరు తెలుసు. ఆ రోజుల్లో పేరు కలిసినందుకు, పోలిక కలిసినందుకు, తప్పుడు వేళలో తప్పుడు బాట మీద నడిచినందుకు, ‘నువ్వేనా ఫలానా?’ అనే ప్రశ్న ఎదురైతే గుండె జారిపోయేది. నేను కాదని రుజువు చేసుకోవడం ఎంత కష్టమో ఆ ప్రశ్న ఎదుర్కొన్నవాళ్లకే తెలుస్తుంది. ఉన్నదాన్ని చూపించగలం, లేనిదాన్ని ఎట్లా చూపిస్తాం? అందుకే థార్న్‌హిల్ నవ్వుతూ, కోప్పడుతూ, బతిమాలుతూ నేను కాదు నేను కాదు అంటుంటే, అమెరికా హాల్లో జనం నవ్విన చోట మా దగ్గర ఒక తరం నవ్వలేదు. ఆ భయం రంగు వాళ్లకు తెలుసు. ఇప్పుడు తుపాకుల కాలం పోయింది కానీ, పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడితే, సొంత భూమి ముందు నిలబడి ఇది నాదే, ఈ మనిషిని నేనే అని తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే. కాగితం మీది మనిషి గెలుస్తాడు, ఎండలో నిలబడ్డ మనిషి ఓడుతాడు.

ఇక రైలు.

ఐక్యరాజ్యసమితి భవనంలో ఒక పెద్దమనిషి వీపులో కత్తి దిగుతుంది, థార్న్‌హిల్ చేతిలోకి ఆ కత్తి వస్తుంది, సరిగ్గా అప్పుడే ఎవరో ఫొటో తీస్తారు. సాయంత్రానికే ఆ ఫొటో పేపర్లో. ఆ భవనంలో సినిమా తీయడానికి అనుమతి ఇవ్వలేదు. గ్రాంట్ మెట్లెక్కి లోపలికి పోయే దృశ్యాన్ని దాచిన కెమెరాతో దొంగచాటుగా తీశారు. దొంగ కాని దొంగ కథకు అలాంటి షాటే తగింది. అక్కడి నుంచి అతను పరుగున వచ్చి ఎక్కింది ట్వెంటియత్ సెంచరీ లిమిటెడ్, న్యూయార్క్ నుంచి చికాగోకు రాత్రంతా నడిచే బండి. టికెట్ లేదు. కళ్లకు నల్లద్దాలు. భోజనాల పెట్టెలో అతన్ని ఒక ఆడమనిషి ఎదుట కూర్చోబెట్టారు. ఈవ్ కెండల్. ఈవా మేరీ సెయింట్.

రైల్లో పరిచయం మనకు బాగా తెలిసిన సంగతి. కేసముద్రం స్టేషన్‌లో ఆగే బండ్లు కొన్ని, ఆగకుండా దుమ్ము లేపి పోయేవి చాలా. ఆగని బండ్ల కిటికీల్లో వెలుగుతున్న ముఖాలు ఒక్క క్షణం కనపడి పోతాయి, ఎవరు ఎవరో, ఎవరి పేరు మీద ఎవరు పోతున్నారో! రిజర్వేషన్ చార్టులో పేరుండి మనిషి రాకపోతే ఆ బెర్తు వెయిటింగ్ లిస్టువాడికి వచ్చినట్టు, కాప్లాన్, నువ్వు ఎక్కని బండిలో నీ చోటు థార్న్‌హిల్‌కు వచ్చింది. పోలీసులు డబ్బాలు వెతుకుతుంటే ఈవ్ అతన్ని మడిచిన పై బెర్తులో దాచి తాళం వేస్తుంది. ఊపిరాడని చీకట్లో అతను, కింద ఏమీ ఎరగనట్టు ఆమె. కింద కూర్చున్న ఆమె ఎవరో అతనికి తెలియదు. మనకూ తెలియదు. ఆమె చూపు నిలకడగా ఉంటుంది, గొంతు తగ్గించి మాట్లాడుతుంది, నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగుతుంది. ఆ ఆగడంలో ఒక బరువుంది. రెండోసారి సినిమా చూసినవాళ్లకే ఆ బరువు ఏమిటో తెలుస్తుంది. తెలిసిన తర్వాత ఆ రైలు దృశ్యం అంతా వేరే సినిమా అయిపోతుంది.

అక్కడే అతను తన అగ్గిపెట్టె చూపిస్తాడు. దాని మీద మూడు అక్షరాలు, తన పేరులోని పొడి అక్షరాలు. మధ్యలో ఉన్న ‘ఓ’ దేనికని ఆమె అడిగితే దేనికీ కాదంటాడు. ఈ మాటను గుర్తుపెట్టుకో, కాప్లాన్. నువ్వు మొత్తం సున్నా. అతని పేరు నడుమ కూడా ఒక సున్నా ఉంది. అందుకే నువ్వు అతనికి అంత సులువుగా పట్టావేమో.

తెల్లారింది. చికాగో. అక్కడి నుంచి నిన్ను కలుసుకోవడానికి అతను బస్సెక్కాడు. ఊరు లేని చోట దిగాడు.

ఇక్కడ నేను నిదానంగా నడుస్తాను. ఇది మా చేను.

చిత్రం: నాలుగు దిక్కులా బల్లపరుపు నేల. నడుమ తారు రోడ్డు. పైనుంచి చూస్తే బస్సు ఒక చుక్క, దిగిన మనిషి ఇంకా చిన్న చుక్క. కథలో అది ఇండియానా, తీసింది కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీలో. దున్నిన దుక్కి, ఎండిన గడ్డి, ఒక పక్కన ఎండిపోయి నిలబడ్డ మక్క చొప్ప. సంగీతం లేదు. బెర్నార్డ్ హెర్మన్ అంతటివాడు, సినిమా మొదట్లో ఆ హోరు వాయించినవాడు, ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక కారు వచ్చింది, పోయింది. ఇంకో కారు, దుమ్ము. లారీ పోయింది, దుమ్ము అతని సూటు మీద. ఆవల పక్కన ఒక మనిషి దిగాడు. ఇద్దరూ రోడ్డుకు అటూ ఇటూ చేతులు వేలాడేసుకుని నిలబడి ఒకరినొకరు చూసుకుంటారు. నువ్వు వచ్చావనుకున్నాడు థార్న్‌హిల్, పాపం. రోడ్డు దాటి వెళ్లి పలకరించాడు. కాదు, బస్సు కోసం వచ్చిన మామూలు మనిషి.

దూరంగా ఒక చిన్న విమానం మందు కొట్టుకుంటూ తిరుగుతోంది.

ఈ దృశ్యాన్ని ఒకసారి మా వాడకట్టు పెద్దమనిషికి చూపించాను. మక్కలు పండించి పండించి అరిచేతులు కాయలు కాసిన మనిషి. ఇంగ్లిషు ఒక్క ముక్క రాదు. కథ ఏమిటని కూడా అడగలేదు. తలగుడ్డ తీసి మోకాలి మీద పెట్టుకుని చూస్తున్నవాడు, విమానం రెండో చుట్టు తిరగగానే ముందుకు వంగాడు. ‘ఆడ చేనే లేదు గదా బిడ్డా, మందు ఎవనికి కొడ్తాండు?’ అన్నాడు. నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే తెర మీద బస్సు కోసం నిలబడ్డ మనిషి అదే సంగతి అనడానికి ఇంకా కొన్ని క్షణాలు ఉన్నాయి. హిచ్‌కాక్ ఆ మనిషి చేత చెప్పించిన రహస్యం మా పెద్దమనిషికి మాటల్లేకుండానే అందింది. పైరు లేని చోట మందు కొట్టేవాడు రైతు కాడు. రైతు కానివాడు రైతు వేషంలో ఉన్నాడంటే ఎవరో చస్తారు. చేను తెలిసినవాడికి ఈ భయం కడుపులోంచి వస్తుంది, దీనికి అనువాదం అక్కర్లేదు. అరవై ఏళ్లు దాటినా ఈ దృశ్యం పాతబడకపోవడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు ఇంకొకటి దొరకలేదు.

బస్సు వచ్చి ఆ మనిషి పోయాడు. ఇక మిగిలింది నేల, ఆకాశం, బూడిద రంగు సూటు. విమానం తిరిగి అతని మీదికే వచ్చింది. పడుకున్నాడు, లేచాడు, పరుగెత్తాడు, మళ్లీ పడ్డాడు. దాక్కోవడానికి చెట్టు లేదు, గుట్ట లేదు, గోడ లేదు. భయపెట్టే సినిమాల్లో అప్పటిదాకా ఏముండేది? రాత్రి, సందు, వీధి దీపం కింద నీడ, మూల తిరిగొచ్చే నల్ల కారు. హిచ్‌కాక్ అవన్నీ తుడిచేశాడు. పట్టపగటి ఎండ పెట్టాడు. అంతా కనపడుతుంది, ఏదీ దాగి లేదు, అయినా తప్పించుకునే దారి లేదు. చీకటి ఎంత దయగలదో ఆ ఎండ చూశాకే తెలుస్తుంది.

చివరికి అతను మక్క చొప్పలోకి దూరాడు. మక్క చేలో నడిచినవాళ్లకు తెలుసు, ఆ ఆకు అంచు కత్తి. మెడ మీద గీసుకుంటే చెమట తగిలినప్పుడల్లా మంట. పొద్దంతా కంకులు విరిచి వచ్చిన ఆడవాళ్ల ముంజేతులు చూడండి, సన్నటి ఎర్రటి గీతలు. అలాంటి చేలో పట్నపు సూటు వేసుకున్న మనిషి నేలకు అతుక్కుని పడుకున్నాడు. బతికాననుకున్నాడు. విమానం వచ్చింది, ఈసారి తుపాకీ పేల్చలేదు. మందు కొట్టింది. తెల్లటి పొడి చొప్ప సందుల్లోంచి కిందికి దిగుతుంటే, జేబురుమాలు ముక్కుకు పెట్టుకుని దగ్గుతున్నాడు. మా దగ్గర మందు కొట్టేవాళ్లు ముఖానికి తువ్వాలు కట్టుకుని గాలివాటం చూసుకుని కొడతారు. అయినా సాయంత్రానికి కళ్లు మండుతాయి, తల తిరుగుతుంది, అన్నం సయించదు. ఆ దగ్గు మాకు నటనలా అనిపించదు. పురుగును చంపే మందును మనిషి మీద కొట్టారు. ఆ మనిషి చేసిన తప్పు టెలిగ్రాం కోసం చెయ్యి ఎత్తడం.

అతను రోడ్డు మీదికి దూకి చమురు ట్యాంకరుకు అడ్డం నిలబడ్డాడు, ట్యాంకరు అతని మీద దాకా వచ్చి ఆగింది, విమానం ట్యాంకరుకు గుద్దుకుంది. మంట. అప్పుడు, అప్పుడే, హెర్మన్ చేతులు విప్పాడు. అంతసేపు ఆపిన సంగీతం ఒక్కసారి పడితే ఊపిరి తిరిగొచ్చినట్టు ఉంటుంది. మంట చూడటానికి దారినపోయేవాళ్లు బండ్లు ఆపి దిగారు. వాళ్లు నోరు తెరుచుకుని చూస్తుంటే, థార్న్‌హిల్ వెనక్కి వెనక్కి జరిగి ఒకరి బండి ఎక్కి ఉడాయించాడు. బండి వెనక తొట్టిలో ఎవరో కొనుక్కున్న ఫ్రిజ్ ఉంది. ఆ ఫ్రిజ్ అంటే నాకు చచ్చేంత ఇష్టం. చావు తప్పించుకున్న మనిషి ఎవరి ఇంటికో పోవాల్సిన ఫ్రిజ్‌తో సహా పారిపోతాడు, బతుకు అంటే అదే కదా.

ఇప్పుడు మా వైపు పొలాల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి, మందు కొట్టడానికే. ఎకరం పొలం చూస్తుండగానే అయిపోతుంది, కూలీల కరువులో అదొక ఆసరా. ఆ రొద తల మీదుగా పోయినప్పుడల్లా నేను పైకి చూసి, తర్వాత కిందికి చూస్తాను. పైరు ఉందా అని. ఉంటుంది.

ఆ విమానం నుంచి ఎన్ని సినిమాలు పుట్టాయో! నాలుగేళ్లకు, 1963లో, జేమ్స్ బాండ్ ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’లో హెలికాప్టరు తరుముతుంటే పరుగెత్తాడు. ఆ బాండ్ గాలి మద్రాసు స్టూడియోలకూ తగిలింది. 1966లో డూండీ మనకు ‘గూఢచారి 116’ ఇచ్చాడు. కృష్ణ గారు పిస్తోలు పట్టుకుని తెర మీదికి దూకితే ఆంధ్రదేశం అంతా ఊగిపోయింది. పక్కన జయలలిత. ఇంగ్లిషువాళ్లకు 007, ఫ్రెంచివాళ్లకు ఓఎస్ఎస్ 117, మనకు మాత్రం పెళ్లిలో చదివించే నూటపదహారు. ఆ అంకెను 2018లో అడివి శేష్ ‘గూఢచారి’ మళ్లీ భక్తితో ఎత్తుకుంది. నేను వాటన్నిటినీ ప్రేమిస్తాను. కానీ వాళ్లంతా గూఢచారులు. తుపాకీ ఎలా పట్టాలో తెలిసినవాళ్లు, ఎందుకు పోరాడుతున్నారో తెలిసినవాళ్లు. థార్న్‌హిల్‌కు ఏమీ తెలియదు. ఆ మాటకొస్తే గ్రాంట్‌కూ తెలియలేదట. షూటింగ్ కొంత దూరం వచ్చాక కూడా కథ తలాతోకా అర్థం కావడం లేదని హిచ్‌కాక్‌తో మొత్తుకున్నాడు. ఆ తికమకే ముఖం మీద అలా నిలిచిపోయింది. బాండ్‌ను చూసి చప్పట్లు కొడతాం. థార్న్‌హిల్‌ను చూసి మన చొక్కా గుండీలు తడుముకుంటాం.

కాప్లాన్, ఇప్పుడు నీ గురించి అసలు సంగతి చెప్పాలి.

నువ్వు ఎవరిని కాపాడటానికి పుట్టావో ఆ మనిషి ఈవ్. వాండమ్ పక్కనున్న వీళ్ల మనిషి ఆమే. రైల్లో ఆ నవ్వు పెదవుల దగ్గర ఆగింది అందుకే. చేలోకి అతన్ని పంపింది కూడా ఆమే, పంపక తప్పలేదు, పంపకపోతే తన ప్రాణం పోతుంది. వాషింగ్టన్ బల్ల దగ్గర పెద్దలకు థార్న్‌హిల్ సంగతి అంతా తెలుసు. నిరపరాధి అని తెలుసు, నీ బదులు వాడు చావబోతున్నాడని తెలుసు. చూస్తూ కూర్చోవడమే మంచిదని తీర్మానించారు. వాళ్లలో ఒకామె పైకే అతనికి వీడ్కోలు చెప్పి ఊరుకుంది. ఆ గదిలో ఎవరూ చెడ్డవాళ్లు కారు, అదే నన్ను మండిస్తుంది. ఒక మంచి పని కోసం ఒక మామూలు మనిషిని ఖర్చు రాసేశారు. ఎన్ని దేశాల్లో, ఎన్ని బల్లల దగ్గర ఇలా జరిగి ఉంటుంది!

కానీ నువ్వు, కాప్లాన్, నువ్వు ఆ బల్ల కంటే మంచివాడివి. నువ్వు లేవు కాబట్టి ఆమె ఉంది. ఆ సంగతి తెలిసిన రోజున థార్న్‌హిల్ మొదటిసారి తనంతట తాను నీ పేరు తొడుక్కున్నాడు. అప్పటిదాకా నేను కాదు నేను కాదన్నవాడు, ఆమె కోసం, సరే నేనే కాప్లాన్‌ను అన్నాడు. నా దృష్టిలో కథ తిరిగేది ఆ చేలో కాదు, ఇక్కడే. రష్‌మోర్ కొండ కింద ఫలహారశాలలో అందరూ చూస్తుండగా ఈవ్ అతన్ని కాల్చింది. ఉత్తుత్తి తూటాలు. వాండమ్ నమ్మాడు. పుట్టని నువ్వు అక్కడ చచ్చిపోయావు. వెనక బల్ల దగ్గర కూర్చున్న ఒక పిల్లవాడు తుపాకీ పేలకముందే రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటాడు, చూశారా? రిహార్సళ్లలో మోత విని విని భయపడ్డ పసివాడు. సినిమాలో దొర్లిన తప్పు అది. తీసేయకుండా వదిలినందుకు నాకు సంతోషమే. అబద్ధాల మీద అబద్ధాలు నిలబెట్టిన ఆ గదిలో నిజం చెప్పినవాడు వాడొక్కడే.

నువ్వు చచ్చాక ఆమె కథ తీరాలి. తీరలేదు. తూటాలు ఉత్తుత్తివని వాండమ్ అనుచరుడు కనిపెట్టాడు. ఆమెను విమానం ఎక్కించి సముద్రం మీద తోసేయాలనుకున్నారు. కింద గదిలో ఆమె, పైన చాటుగా థార్న్‌హిల్. ఎట్లా చెప్పాలి? జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. లోపల నాలుగు మాటలు రాసి ఆమె కాళ్ల దగ్గరికి విసిరాడు. మూడు పొడి అక్షరాలు, నడుమ దేనికీ కాని ఆ ‘ఓ’. ఆమె చూసింది, గుర్తుపట్టింది. దమయంతి నలిగిన దండను చూసి మనిషిని గుర్తుపట్టినట్టే. సినిమా అంతా ఎవరూ నమ్మని అతని సొంత పేరు, ఆమె ప్రాణం మీదికి వచ్చినప్పుడు పనికొచ్చింది. నీ పేరు ఆమెను దాచింది, అతని పేరు ఆమెను బతికించింది. ఇద్దరి రుణమూ ఆమె మీద ఉంది.

తర్వాత కొండ. రాతిలో చెక్కిన నలుగురు అధ్యక్షుల ముఖాల మీదుగా ఇద్దరు మనుషులు జారుతున్నారు. ఆ కొండ మీద అలాంటి దృశ్యాలు తీయనివ్వలేదు, అందుకే ముఖాలను స్టూడియోలో కట్టుకున్నారు. ఈవ్ అంచున వేలాడుతోంది, థార్న్‌హిల్ చెయ్యి అందించి లాగుతున్నాడు, రమ్మంటున్నాడు, పైకి రమ్మంటున్నాడు, లాగుతూనే ఉన్నాడు, ఒక్క కత్తెర వేటుతో ఆమె కొండ మీంచి రైలు పై బెర్తులోకి వచ్చి అతని పక్కన పడింది. పెళ్లయిపోయింది. ప్రమాదానికీ ప్రేమకూ నడుమ కూర్పరి జార్జ్ టొమాసిని ఒక్క గడియ కూడా ఉంచలేదు. వేల పేజీల వేదాంతం చెప్పలేనిది ఆ అతుకు చెప్పింది. ఆ ఏడాది ఆస్కార్లకు స్క్రీన్‌ప్లే, కూర్పు, కళా దర్శకత్వం మూడింటికి పేరు వెళ్లింది, ఒక్కటీ రాలేదు. 1995లో అమెరికా దీన్ని తన జాతీయ చిత్ర భాండారంలో దాచుకుంది. కొండ అంచున వేలాడిన ఈవా మేరీ సెయింట్‌కు 2024 జూలై 4న నూరేళ్లు నిండాయి.

నాకొక కోరిక ఉంది. ఈ సినిమాను విస్టావిజన్‌లో తీశారు, ఫోను తెర మీద ఆ నేల ఇమడదు. యాసంగి మక్కలు కేసముద్రం మార్కెట్టుకు వచ్చే రోజుల్లో, యార్డులో కుప్పలు పోసి కాంటా కోసం కాచుకుని రైతులు రాత్రిళ్లు అక్కడే పడుకునే రోజుల్లో, షెడ్డు గోడకు పెద్ద తెర కట్టి దీన్ని వేయాలి. కింద తెలుగు అక్షరాలు వేయాలి, మన మాటల్లో. టీ బండివాణ్ని కాసేపు స్టవ్వు ఆపమనాలి, ఆ ఎనిమిది తొమ్మిది నిమిషాలూ ఏ రొదా ఉండొద్దు. బస్తాల మీద కూర్చున్నవాళ్లలో ఎవరు ముందు లేచి, ఆడ చేనే లేదు గదా అంటారో చూడాలని ఉంది. హమాలీలు అంటారా, కాంటావాళ్లు అంటారా, మూలన కూర్చున్న ముసలమ్మ అంటుందా? నేను మటుకు ముసలమ్మే అంటుందని పందెం కాస్తాను.